మొదటి ముద్ద

మా ఇంట్లో పుట్టకొక్కుల కూర వండిన రోజు రాత్రి అమ్మ ఒక్కతే తినేది. నేనూ తమ్ముడూ నాయనా గంజిలో పచ్చిమిరపకాయ నంజుకుని పడుకునేవాళ్లం. అమ్మ కూరకుండ మీద మూత పెట్టి, మూత మీద రాయి పెట్టేది. ఇల్లంతా మాంసం వండినట్టు వాసన. నాకు నిద్ర పట్టేది కాదు. 'అమ్మకి ఆశ ఎక్కువ, ముందు తనే తింటది' అని లోపల్లోపల తిట్టుకునేదాన్ని. తెల్లారి అమ్మ లేచి, వాకిలి ఊడ్చి, పొయ్యి ముట్టించి, ఆ కూర వేడి చేసి మాకు పెట్టేది. అమ్మ బతికి లేచింది కాబట్టే మాకు కూర దొరికేదన్న సంగతి నాకు చాలా ఏళ్లు తెలియదు.

మాది సారపాక. గోదావరికి అవతల భద్రాచలం, ఇవతల మేము. బయటివాళ్లకి సారపాక అంటే కాగితం ఫ్యాక్టరీ. గుడికి పోయేవాళ్లకి వంతెన ఎక్కేముందు దాటిపోయే ఊరు. మాకు ఊరంటే మాదిగవాడ, వాడ వెనక చేలు, చేల వెనక టేకు, మద్ది, ఇప్ప, తునికి చెట్లు. ఇప్పుడు ఆ చేలల్లో చాలామటుకు జామాయిల్ తోటలు. ఎండాకాలం తునికాకు పని, వానాకాలం నాట్ల పని. ఈ రెంటి నడుమ చేతిలో పనీ ఇంట్లో గింజా లేని రోజులు కొన్ని వస్తాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే, తొలకరి ఉరుములు పడ్డాక, పుట్టకొక్కులు లేస్తాయి. మాకు ఆకలి కాలమూ కొక్కుల కాలమూ ఒకటే.

కోడి కూసే వేళకి ఆడవాళ్లు గంపలు పట్టుకుని పోయేవాళ్లు. నాయనమ్మ నన్ను వెంట తీసుకుపోయేది. ఆమె నేర్పిన మొదటి పాఠం ఒకటే: "మొఖం జూసి నమ్మొద్దు, మొదలు జూడాలె." కొక్కు కనపడగానే పైన పట్టి పీకితే తిట్టేది. పుల్లతో చుట్టూ తవ్వి, కాడ తెగకుండా కిందిదాకా పోవాలి. పుట్టకొక్కు కాడ నేల కింద ఎలుకతోకలాగా సన్నబడుకుంటూ జానెడో మూరెడో పోయి చెదల గూటి దగ్గర ఆగుతుంది. ఆ తోక కనపడితేనే అది పుట్టది. చిన్నవి కొన్ని నూకలు చల్లినట్టు గుంపుగా లేస్తాయి. అవీ చెదలున్న చోటే లేస్తాయి.

డిగ్రీకి పోయాక దీని వెనక కథ తెలిసింది. చెదలు ఎండుటాకులూ పుల్లలూ తిని, గూటిలో తేనెపట్టు లాంటి దిమ్మ కట్టి, దాని మీద ఒకరకం బూజుని సాగు చేస్తాయి. ఆ బూజు వానలకి పైకి తలెత్తితే పుట్టకొక్కు. 1942లో రోజర్ హైమ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దీని జాతికి టెర్మిటోమైసిస్ అని పేరు పెట్టాడు. చెదలు లేకుండా దీన్ని తోటలో పండించి అమ్ముకోవడం ఇప్పటిదాకా ఎవరివల్లా కాలేదు. అంటే చెదలు చేసే వ్యవసాయంలో మేం పరిగె ఏరుకునేవాళ్లమన్నమాట. దొర పొలంలో పరిగె ఏరితే తిట్లు పడేవి. చెదలు ఎన్నడూ తిట్టలేదు.

మిగతావాటినన్నిటినీ కలిపి కుక్కగొడుగులు అనేవాళ్లం. కాడ మొదట్లో గుడ్డు పెంకు లాంటి తిత్తి ఉన్నదీ, కాడ నడుమ ఉంగరంలాగా పొర వేలాడేదీ, టోపీ మీద పొక్కులు లేచినట్టు మచ్చలున్నదీ, టోపీ కింది రేకులు ముదిరేకొద్దీ ఆకుపచ్చకి తిరిగేదీ నాయనమ్మ తాకనిచ్చేది కాదు. ఆ ఆకుపచ్చది పచ్చిక మీద పళ్లెమంత లేస్తుంది. తిన్నవాళ్లు కొన్ని గంటల్లోనే వాంతులతో పడిపోతారు. తిత్తి ఉన్నది అంత తొందరపడదు. దాని సంగతి తర్వాత చెప్తాను.

వీటిలో ఏ ఒక్క గుర్తూ ఒంటరిగా సాక్ష్యం కాదు. ఉంగరం ఉన్న మంచివి ఉన్నాయి, ఉంగరం లేని చెడ్డవి ఉన్నాయి. మొలిచిన చోటు, కాలం, మొదలు, కాడ, రేకులు, వాసన అన్నీ కలిసి ఒకే మాట చెప్తేనే కొక్కు గంపలో పడేది. ఒక్కటి అడ్డం తిరిగినా నాయనమ్మ దాన్ని అక్కడే వదిలేసేది. "తెల్వనిది తినేదానికంటే ఆకలే నయం" అనేది. అనగలిగింది. ఆ పూటకి ఇంట్లో ఇంత గంజి ఉన్నది కాబట్టి అనగలిగింది.

ఈ వ్యాసంలో నేను అడగదల్చుకున్న ప్రశ్న ఆ చివరి మాటలోనే ఉంది. 'ఇది తినొద్దు' అనే మాటకి విలువ ఎక్కడి నుంచి వస్తుంది? చెప్పేవాడి చదువు నుంచా, పుట్టుక నుంచా, కడుపు నిండి ఉండటం నుంచా? ఆ మాట చెప్పే హక్కు ఎవరిది?

నాకు ఆరేళ్లప్పటి సంగతి. ఊళ్లో పెద్దింటివాళ్లకి పుట్టకొక్కులంటే ప్రాణం. అమ్మ ఏరినవాటిలో మంచివి, ఇంకా విప్పారని మొగ్గలు, వాళ్లింటికి పోయేవి. అమ్మ గంపని పెరట్లో దింపి దూరం జరిగి నిలబడేది. దొరసాని పనిమనిషితో నీళ్లు పోయించి, కడిగించి లోపలికి తీసుకునేది. అంటు నీళ్లతో పోయేది. భయం నీళ్లతో పోయేది కాదు. అందుకని కూర ఉడికాక మొదటి గరిటె మోదుగాకులో పెట్టి అమ్మ ముందర పెట్టించేది. "ముందు నువ్వు తిని అక్కడ కూసో" అనేది. అమ్మ తిని పెరటి గోడ నీడలో కూర్చునేది. నీడ గోడ దాటిందాకా కూర్చోవాలి. అమ్మకి ఏం కాలేదని చూసుకున్నాక వాళ్లు విస్తళ్లు వేసుకునేవాళ్లు. ఒకరోజు ఆకుకి అంటుకున్న పులుసు నాకుతానని నేను మారాం చేశాను. అమ్మ నా చేతి మీద కొట్టింది. అమ్మ నన్ను కొట్టిన దెబ్బల్లో అదే గట్టిది.

రాజుల భోజనంలో విషం ఉందేమో చూడటానికి వేరే మనుషులుండేవాళ్లని పుస్తకాల్లో చదివాను. వాళ్లకి కొలువు ఉండేది, జీతం ఉండేది. మా అమ్మకి సోలెడు నూకలు. మేం వండింది వాళ్లకి అంటు. మేం తిన్నది వాళ్లకి రుజువు. ఒకే శరీరం చెయ్యి దగ్గర మైల అయింది, కడుపు దగ్గర మాత్రం పరీక్షనాళిక అయింది.

మనుస్మృతి అయిదో అధ్యాయంలో తినకూడనివాటి జాబితా ఉంది. ఉల్లి, వెల్లుల్లి, ఊరపంది, ఊరకోడి, వాటితో పాటు ఛత్రాకం. ఛత్రాకమంటే మన పుట్టగొడుగే. తెలిసి తిన్న ద్విజుడు పతితుడవుతాడట. మొదటిసారి చదివినప్పుడు నాకు ఆశ్చర్యమేసింది. ఇందులో పుట్టగొడుగుని చూసిన జాడే లేదు. ఏది మంచిది, ఏది చెడ్డది, ఏ కాడ, ఏ రేకు, ఏమీ లేదు. చూసిందల్లా తినేవాడి పుట్టుకని. తింటే పడిపోయేవాడు ద్విజుడు. మేం పడిపోవడానికి మా కింద ఇంకా చోటు లేదు కాబట్టి మా ఊసే అక్కరలేదు. అంటు అనేది వస్తువులో ఉండదు, చూసేవాడి బుర్రలో ఉంటుంది. విషం అట్లా కాదు, అది వస్తువులోనే ఉంటుంది. దానికి ద్విజుడి కాలేయమూ మాదిగ కాలేయమూ ఒకటే. నాయనమ్మ కొక్కుని తవ్వి చూసి వద్దనేది. మనువు తవ్వకుండానే వద్దన్నాడు. 1927 డిసెంబర్ 25న మహద్‌లో బాబాసాహెబ్ ముందుండి ఆ పుస్తకాన్ని తగలబెట్టించినప్పుడు తగలబడింది ఈ తవ్వకుండా చెప్పే 'వద్దు' కూడా.

ఇక్కడికి ఆపితే ఈ వ్యాసం సభల్లో చదువుకోవడానికి బాగుంటుంది. వాళ్లది మూఢత్వం, మనది జ్ఞానం అని తేల్చేసి చప్పట్లు కొట్టించుకోవచ్చు. కానీ మా ఇంట్లో ఒక చావు ఉంది. అది నన్ను అట్లా ఆపనియ్యదు.

డిగ్రీ రెండో సంవత్సరంలో పుట్టగొడుగుల పాఠం వచ్చింది. బొమ్మ గీసి భాగాలు రాస్తే మార్కులు. మా బ్యాచ్‌లో అందరికంటే నా బొమ్మే బాగుందన్నారు. ఆ పాఠం పట్టుకుని లైబ్రరీలో ఇంకొంచెం వెతికాను. అమానిటా అనే జాతిలో కొన్నిటికి మొదట్లో తిత్తి, కాడకి ఉంగరం, కింది రేకులు తెల్లగా ఉంటాయి. వాటి విషం ఉడికించినా, ఎండబెట్టినా చావదు. డెత్ క్యాప్ అనేదాన్ని సగం తిన్నా పెద్ద మనిషి ప్రాణం పోవచ్చు. తిన్న ఆరు గంటలదాకా, ఒక్కోసారి పన్నెండు గంటలు దాటినా ఏమీ తెలియదు. తర్వాత వాంతులు, విరేచనాలు. ఆ తర్వాత తగ్గిపోయినట్టు ఒక పూటో రోజో మనిషి తేరుకుంటాడు. లోపల మాత్రం కాలేయం కణం కణం చచ్చిపోతుంటుంది. సెలవులకి ఇంటికొచ్చి, తెలివైన కూతురిలాగా ఇదంతా అమ్మకి చెప్తున్నాను. వాంతుల దాకా వచ్చాను. అమ్మ గిన్నె తోముతున్న చెయ్యి ఆపి అడిగింది.

"మూడోనాడు లేచి కూసుంటది గదా బిడ్డా?"

ఆ రాత్రి అమ్మ చెప్పింది. 1989 వానాకాలం. నేను పుట్టి నెల కాలేదు. అమ్మ పుట్టిల్లు వైరా వైపు, మాగాణి ఊరు. బాలింతకి చేదోడుగా ఉంటదని ఆమె చెల్లెలు, మా చిన్నమ్మ, వచ్చింది. పదహారేళ్ల పిల్ల. నాయనమ్మ ఆ వారం కూతురింటికని భద్రాచలం పోయింది. నాయన రాత్రిపూట దొర పొలం కాడ. చిన్నమ్మ వాడ పిల్లలతో అడవికి పోయి ఒళ్లో కొక్కులు నింపుకొచ్చింది. కాడ మొదట్లో తిత్తి ఉన్నది. ఆ తిత్తి చూసే అవి మంచివనుకున్నారు అక్కచెల్లెళ్లు. వాళ్ల ఊళ్లో తడిసిన వరిగడ్డి వాముల దగ్గర లేచే కొక్కులకి అట్లాంటి తిత్తే ఉంటుంది. అవి నిక్షేపంగా తినేవే. "అక్కా, మనూరియే" అన్నది చిన్నమ్మ. బుడ్డి దీపం వెలుగులో చూసి అమ్మ కూడా "ఆఁ, మనూరియే" అన్నది.

అయినా అనుమానం తీరక అమ్మ కాలి మట్టె తీసి కూరలో వేసి ఉడికించారు. వెండి నల్లబడితే విషమని మా వాళ్ల నమ్మకం. మట్టె తెల్లగానే ఉంది. బాలింత పథ్యం కాబట్టి అమ్మ తినలేదు. చిన్నమ్మ కడుపునిండా తిన్నది.

కోడికూతకి ముందు మొదలయ్యాయి వాంతులు. ఊళ్లో మందులిచ్చేటాయన వచ్చి సెలైన్ ఎక్కించాడు. మూడోనాడు చిన్నమ్మ లేచి, స్నానం చేసి, గంజి తాగి, నన్ను ఒళ్లో వేసుకుని నవ్వింది. గండం గడిచిందనుకున్నారు. నాలుగోనాటికి కళ్లు పచ్చబడ్డాయి. పసరు పోయించారు. ఆరోనాడు పోయింది. పచ్చకామెర్లు అన్నారు అందరూ. కూర తిని అప్పటికి ఆరు రోజులయింది, ఎవరు కలుపుతారు ఆ రెంటినీ? అమ్మ ఒక్కతే కలిపింది. కలిపి, పంతొమ్మిదేళ్లు నోరు విప్పలేదు.

వెండి పరీక్ష వట్టి అబద్ధం. ఆ విషానికీ వెండికీ ఏ సంబంధమూ లేదు. పసుపు రంగు మారితే విషం, బియ్యం ఎర్రబడితే విషం, పురుగు తిన్నది మంచిది, తోలు ఒలిస్తే వచ్చేది మంచిది, ఇవన్నీ అంతే. పురుగు తిని బతికేది మనిషిని చంపుతుంది. మనువుని తగలబెట్టాం. మరి మట్టె? అదీ మన జ్ఞానమేగా. మన అమ్మలది కాబట్టి కళ్లకద్దుకుందామా? నా మటుకు నేను నాయనమ్మ 'మొదలు'ని ఉంచుకున్నాను, అమ్మ మట్టెని పారేశాను. తవ్వి చూడకుండా ఒప్పుకోవడం కూడా తవ్వి చూడకుండా కాదనడం లాంటిదే.

మట్టె కంటే లోతైన పొరపాటు ఇంకోటి ఉంది. ఆ అక్కచెల్లెళ్లకి తెలివి తక్కువ కాదు. వాళ్ల ఊరి జ్ఞానం వాళ్ల ఊళ్లో నిజం. ఇంకో నేల మీద అదే ప్రాణం తీసింది. ఆగ్నేయాసియా నుంచి అమెరికా పడమటి తీరానికి చేరిన శరణార్థులు కొందరు కూడా డెత్ క్యాప్‌ని తమ ఊరి వరిగడ్డి పుట్టగొడుగే అనుకుని తిని ఆస్పత్రుల పాలయ్యారని చదివినప్పుడు నాకు వైరా గుర్తొచ్చింది. తేడా పట్టుకునే దారి ఒకటుంది. టోపీని కోసి, రేకులు కిందికి ఉండేలా సగం తెల్లకాగితం మీద, సగం పలక మీద బోర్లించి రాత్రంతా ఉంచితే పొడి రాలుతుంది. వరిగడ్డి కొక్కుది గులాబీ రంగు. అమానిటాది తెలుపు. తెల్లకాగితం మీద తెల్లపొడి కనపడదు, దానికి పలక కావాలి. ఇది కూడా ఒక గుర్తే. ఇది ఒక్కటే చూసి తినమని ఎవరికీ చెప్పను.

అప్పట్నుంచే అమ్మ మొదటి ముద్ద తనది చేసుకుంది. 'ఆ రోజు నేను తినాల్సింది. నీకు పాలియ్యాలని తినలే. అది తిన్నది' అన్నది. నేను పుట్టినందుకు అమ్మ తినలేదు. అమ్మ తినని ముద్ద చిన్నమ్మ తిన్నది. అందుకే పెద్దింటి పెరట్లో మోదుగాకు ముందు కూర్చున్నప్పుడు అమ్మ ముఖంలో అవమానం కంటే ఇంకేదో ఉండేది. వాళ్లు పరీక్ష అనుకున్నదాన్ని అమ్మ శిక్షలాగా తిన్నది. తమాషా ఏమంటే, వాళ్ల పరీక్ష కూడా మట్టె లాంటిదే. గోడ నీడ దాటేసరికి మహా అయితే మూడు నాలుగు గంటలు. తిత్తి ఉన్నదాని విషం అర్ధరాత్రిదాకా ఆగుతుంది. మనిషిని పెరట్లో కూర్చోబెట్టి సంపాదించిన ఆ ధైర్యం పెద్దింటివాళ్లని కూడా కాపాడేది కాదు.

ఇంత తెలిసిన నేను ఏం చేశానో ఇప్పుడు చెప్తాను.

2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది చనిపోయారు. ఎక్కువమంది తేయాకు తోటల కూలీల కుటుంబాలవాళ్లు. ఎప్పుడో తాతల కాలంలో వేరే అడవుల నుంచి తరలించబడ్డవాళ్ల వారసులు ఆ తోటల్లో ఎంతోమంది. ఆ వార్త పత్రికలో చూసి కత్తిరించి దాచుకున్నాను. జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకెక్కింది. 1986లో 75.6 అడుగులు వచ్చాక అంత నీళ్లు మళ్లీ చూడటం అదే. బళ్లు మూసి, మళ్లీ తెరిచిన వారం అది. మా బడి అడవి అంచున. పిల్లల్లో కొందరు గుత్తికోయలు. 2005 తర్వాత సల్వాజుడుం కాలంలో ఛత్తీస్‌గఢ్ నుంచి చెట్టుకొకరు పుట్టకొకరు అయి ఇటు వచ్చినవాళ్ల పిల్లలు. నాలుగో తరగతి పిల్ల ఒకతె ఆకులో చుట్టిన నాలుగు కొక్కులు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "మీకే టీచర్. ఇంట్ల ఇంక మస్తున్నయ్. రాత్రికి అవ్వ వండుతది" అన్నది.

డిగ్రీ బొమ్మకి మొదటి మార్కు తెచ్చుకున్న నాకు అవి ఏమిటో తెలియలేదు. ఇంటికి తీసుకుపోయి అమ్మ చేతిలో పెట్టాను. అమ్మ చూపు మందగించింది. వేళ్లతో మొదలు తడిమింది. మట్టి కింద పొర తగిలింది. "ఇది పుట్టది కాదు. పారెయ్. పారేసి చెయ్యి కడుక్కో" అన్నది.

తమ్ముడి బండి మీద ఎట్లా పోయానో తెలియదు. గుడిసె దగ్గరికి పోయేసరికి పొయ్యి మీద కుండ ఉడుకుతోంది. చుట్టూ అయిదుగురు పిల్లలు. ఏమీ అడగలేదు. కొంగు పట్టి కుండ దింపి బూడిదలో వంపేశాను. టీచర్ని, గవర్నమెంటు మనిషిని. నన్నెవరూ ఆపలేదు. ముసలామె బూడిదలోకి చూసింది, నాకేసి చూసింది, కోయలో ఏదో అన్నది. పిల్ల తెలుగులో చెప్పింది.

"అవ్వ అడుగుతంది టీచర్. మరి ఇప్పుడేం తినాలె అని."

నేను ఒట్టి చేతులతో పోయాను. బండి వెనక్కి తిప్పి, దుకాణం తెరిపించి, బియ్యమూ పప్పూ గుడ్లూ పట్టుకొచ్చేసరికి పిల్లలు నిద్రపోయారు.

తెల్లారి ముసలామె బడికొచ్చింది. చేతిలో ఒక కొక్కు. మూరెడు తోక తెగకుండా తవ్వి తెచ్చింది. నన్ను వెంటబెట్టుకుని పుట్ట దగ్గరికి తీసుకుపోయి, రాత్రి తను వండినవి ఎక్కడ తవ్విందో ఆ గుంతలు చూపించింది. మా నాయనమ్మ తవ్వినట్టే, పుల్లతో, చుట్టూ. నాకు ఇచ్చినవి పిల్ల ఒక్కతే దారిలో ఏరుకొచ్చినవి. అవ్వకి చూపించకుండా నాకు బహుమానంగా తెచ్చింది. అంటే నేను చూసింది నాలుగు చెడ్డవాటిని. పారబోసింది కుండెడు మంచి కూరని.

ఒకదాన్ని చూసి మొత్తాన్ని పారబోయడం నాకు ఎవరు నేర్పారు? ఈ దేశంలో కులం చేసే పని అదే కదా. ఆమె మొదలు చూసిందా అని ఒక్క మాట అడిగితే చెప్పేది. అడగాలని తోచలేదు. ఆమెలో నాకు మా నాయనమ్మ కనపడలేదు, చదువురాని గుత్తికోయ ముసలామె కనపడింది. పెద్దింటి పెరట్లో మా అమ్మ ముందు నిలబడ్డ దొరసాని, అడవి అంచు గుడిసెలో నా కాళ్ల మీద నిలబడింది. మనం కిందినుంచి పైకి చూసేటప్పుడు కనపడే గోడ, మనకంటే కిందివాళ్ల వైపు తిరిగినప్పుడు కనపడదు.

మళ్లీ అట్లాంటి సాయంత్రం వస్తే ఏం చేస్తాను? చాలా రోజులు ఆలోచించాను. ముందు అడుగుతాను. అనుమానం తీరకపోతే పారబోస్తాను. ఒక రాత్రి పస్తు తెల్లారితే తీరుతుంది, చిన్నమ్మ చావు ముప్పై ఏళ్లకీ తీరలేదు. కానీ బియ్యం పట్టుకుని పోతాను. అస్సాం చావుల తర్వాత అందరూ 'అడవి పుట్టగొడుగులు తినకండి' అన్నారు. ఆ సలహాలో తప్పు లేదు. దాని పక్కన కూర లేదు, అదే లోపం. కడుపు నిండినవాడి 'వద్దు'కి ఖర్చు లేదు. ఆకలితో ఉన్నవాళ్లకి అదే మాట ఒక పూట తిండి. ఆ ఖర్చు తను మొయ్యనివాడికి ఆ మాట చెప్పే హక్కు సగమే ఉంటుంది.

బాబాసాహెబ్ 1956లో ఎంచుకున్న బుద్ధుడి చివరి భోజనం గురించి అమ్మకి ఒకరోజు చదివి వినిపించాను. పెట్టినవాడు చుందుడు, కమ్మరి. వండింది సూకరమద్దవం. కొందరు దాన్ని లేత పందిమాంసం అన్నారు, కొందరు పుట్టగొడుగులు అన్నారు. బుద్ధుడు తను తిని, మిగతాది ఎవరికీ పెట్టొద్దు, పాతిపెట్టు అన్నాడు. తర్వాత రక్తవిరేచనాలతో పడిపోయాడు. అంత నొప్పిలోనూ ఆనందుణ్ణి పిలిచి, చుందుడి దగ్గరికి పోయి అతనిది తప్పు కాదని చెప్పమన్నాడు. నాకు ఇందులో రెండు సంగతులు కనపడతాయి. మిగతావాళ్లకి వద్దన్నవాడు మొదటి ముద్ద తను తిన్నాడు. పోయేముందు, పెట్టిన చేతి మీది బరువు దింపి పోయాడు. అమ్మ విని చాలాసేపు ఊరుకుంది.

"మంచి మనిషే" అన్నది. "నా చెల్లె కూడ నన్నేం అనలే బిడ్డా. అననందుకే గదా."

ఇప్పుడు ప్రతి తొలకరికీ ఆ అవ్వ మా బడికొచ్చి ఒక పూట పాఠం చెప్తుంది. పుల్లతో తవ్వి మొదలు చూపిస్తుంది. పిల్ల తెలుగులోకి చెప్తుంది. నేను పలకా కాగితమూ పట్టుకుని నా వంతు చెప్తాను. అనుమానం ఉన్నది తిన్నారని తెలిస్తే వాంతుల కోసం ఆగకుండా, మిగిలిన ముక్క చేతబట్టుకుని పెద్దాసుపత్రికి పోవాలనీ, మధ్యలో తగ్గినట్టుంటే నమ్మొద్దనీ రాయిస్తాను. మూడోనాడు లేచి కూసుంటారు అని అమ్మ మాటల్లోనే రాయిస్తాను.

బడిలో మధ్యాహ్నం అన్నం పిల్లలకి వడ్డించేముందు టీచరు తిని చూడాలని నియమం ఉంది. 2013 జూలైలో బీహార్‌లో గండామన్ అనే ఊరి బడిలో పురుగుమందు కలిసిన భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయాక ఆ నియమాన్ని గట్టిపరిచారు. కొందరు టీచర్లు రిజిస్టర్‌లో సంతకం పెట్టి ఊరుకుంటారు. నేను తింటాను. పిల్లలు పళ్లాలు పట్టుకుని వరసలో నిలబడి నా నోటికేసి చూస్తుంటారు. మొన్న ఒకటో తరగతి బుడ్డోడు ఉండబట్టలేక అడిగాడు.

"టీచర్, రోజూ మీకే ముందు ఆకలైతదా?"

వాడి మొహంలో, కూరకుండ మీద రాయి వైపు చూస్తూ అమ్మని తిట్టుకున్న నా మొహమే కనపడింది.

"అవున్రా, నాకే ముందు" అన్నాను.